పదిహేడుసార్లూ బొమ్మే

తిరువూరు చుట్టుపక్కల అన్నదమ్ములు విడిపోవాలంటే ముగ్గురు మనుషులు కావాలి: ఒక సర్వేయరు, ఒక దస్తావేజు లేఖరి, ఒక ఆదిశేషయ్య. మొదటి ఇద్దరూ ఫీజు తీసుకుంటారు. ఆదిశేషయ్య పైసా ముట్టడు. ఆయనకు మర్యాద చాలు. అది ఫీజు కన్నా ఖరీదని పిలిచినవాళ్ళకు తర్వాతగానీ తెలియదు. కారు పంపాలి. కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరవాలి. భోజనంలో నెయ్యి మూడోసారి కూడా అడగాలి. అన్నిటికన్నా ముందు, ఆయన చెప్పే కథ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా వినాలి.

డెబ్బై మూడేళ్ళ ఆదిశేషయ్యకు చెప్పుకోదగ్గ పనేమీ లేదు. ఎనిమిదెకరాల మామిడితోట ఉంది, దాన్ని ఏటా ఎవరో ఒకరికి కాపు మీద ఇచ్చేస్తాడు. ఎరువుల కొట్టు ఉంది, అందులో కొడుకు శశాంక్ కూర్చుంటాడు. మిగిలిన కాలమంతా ఆయన న్యాయానికి ధారపోశాడు. న్యాయం అంటే చట్టమో, భూమి రికార్డులో అనుకునేరు. ఒక వెండి రూపాయి.

కథ ఇది. పంతొమ్మిది వందల యాభై అయిదులో ఆదిశేషయ్య తండ్రి చలమయ్య, బాబాయి బసవయ్య వేరుపడ్డారు. మొత్తం పదహారెకరాలు. ఎనిమిదెకరాలు కొండూరు రోడ్డు పక్కన మామిడితోట, మధ్యలో మే నెలలో కూడా ఎండని బావి. మిగతా ఎనిమిది రాళ్ళమెట్ట. అక్కడ పడ్డ వాన కూడా ఉండబుద్ధి కాక వెళ్ళిపోయేది. చెరి సగం చేసుకుంటే గొడవ లేకపోయేది. కానీ తోటను ముక్కలు చేయడం పాపమని చలమయ్యకు ఉన్నట్టుండి తోచింది. నాణెం ఎగరేద్దామన్నాడు. జేబులోంచి రూపాయి తీశాడు. పెద్దవాణ్ణి కనుక నేనే అడుగుతానని "బొమ్మ" అన్నాడు. బొమ్మే పడింది. తమ్ముడు మారుమాట అనలేదు, అన్న కాళ్ళకు దణ్ణం పెట్టి మెట్టకు నడిచి వెళ్ళిపోయాడు. ఈ చివరి వాక్యం దగ్గర ఆదిశేషయ్య గొంతు ప్రతిసారీ ఒకే చోట, ఒకే కొలతలో వణుకుతుంది.

ఆ రూపాయి పూజగదిలోకి చేరి మహాలక్ష్మి అయింది. దాని మీద ఉన్నది నిజానికి కిరీటం పెట్టుకున్న తెల్లరాజు. నున్నటి చెంప, పొడుగు ముక్కు. ఆ ముక్కు పైన ఇంత కుంకుమ, చెంపకు పసుపు, ప్రతి శుక్రవారం క్షీరాన్నం. ఇక్కడ ఇంత ఆదరణ దొరుకుతుందని తెలిస్తే ఆయన మనుషులు నలభై ఏడులో ఓడ ఎక్కేవాళ్ళే కాదు.

చలమయ్య పోయాక, అంటే ఎనభై నాలుగు తర్వాత, లక్ష్మి ఊరికే కూర్చోవడం ఆదిశేషయ్యకు నచ్చలేదు. ఊళ్ళో ఒక పంపకం ముడిపడి తెగకపోతే, మా లక్ష్మిని అడుగుదాం అన్నాడు. అక్కణ్ణుంచి అదొక పద్ధతిగా స్థిరపడింది. తడిబట్టతో కూర్చుంటాడు. నాణేన్ని పాలతో కడిగి, బియ్యం పోసిన ఇత్తడి పళ్ళెం ముందు పెట్టుకుంటాడు. కథ చెప్తాడు. పెద్దవాడే అడగాలి. అదే ఆచారం. పెద్దవాడు బొమ్మే అడుగుతాడు. లక్ష్మి ముఖాన్ని కాదని వీపు కావాలనే దరిద్రుడు ఎవడుంటాడు? ఎగరేస్తాడు. బియ్యంలో పడ్డదాన్ని వంగి చూసి "బొమ్మ" అంటాడు. పడ్డది పడ్డట్టే తీసి, తమలపాకు మీద పెట్టి బొట్టు పెడతాడు. లక్ష్మిని బోర్లించడం అశుభమని తిరగేసి చూడడు, ఇంకొకరిని తాకనివ్వడు, మడి.

పెనుగొలనులో అన్నకే పంపుసెట్టున్న పొలం చెక్క వచ్చింది. గంపలగూడెంలో అన్నకే రోడ్డు వైపు స్థలం వచ్చింది. నలభై ఏళ్ళలో పదిహేడు పంపకాలు, పదిహేడుసార్లూ బొమ్మే, పదిహేడు మంది అన్నలూ గెలిచారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. రాకపోగా, పెద్దరికం అంటే లక్ష్మికి కూడా గౌరవమేనని చెప్పుకుని మురిసిపోయారు. పదిహేడోసారి చూడటానికి వచ్చిన గ్లోరి అనే లెక్కల టీచరు మాత్రం కాగితం మీద ఏదో వేసుకుని, వరసగా పదిహేడుసార్లు ఇలా పడటానికి అవకాశం లక్షా ముప్ఫై ఒక్క వేలల్లో ఒకటేనండీ అంది. ఆమె ఉద్దేశం వేరు. ఆదిశేషయ్య ఆ అంకెను పదిలంగా పట్టుకెళ్ళి కథలో కలుపుకున్నాడు. లక్షా ముప్ఫై ఒక్క వేలల్లో ఒక్క నాణేనికి ఉండే మహిమట, టీచరమ్మే లెక్క కట్టి చెప్పింది అనేవాడు.

ఈ మహిమకు గండం చింతపండు రూపంలో వచ్చింది. ఆదిశేషయ్యకు కంట్లో శుక్లం తీశారు. వంగకూడదు, తలకు నీళ్ళు పోసుకోకూడదు అన్నాడు డాక్టరు. శుక్రవారం పూజసామాను తోమే పనితోపాటు లక్ష్మి కూడా భార్య సుబ్బాయమ్మ చేతికి వచ్చింది. సుబ్బాయమ్మకు చెంబైనా దేవుడైనా తోమడం ఒకే రకంగా వచ్చు. చింతపండు పెట్టి ఒకవైపు రుద్దింది. తిప్పి రెండోవైపు రుద్దింది. మళ్ళీ తిప్పింది. తడిచేతులతోనే హాల్లోకి వచ్చి నిలబడింది.

"ఏంటండీ ఇది, వెనకా ఇదే మొహం?"

ఆదిశేషయ్య నల్లకళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. ఇటు చూస్తే రాజు, అటు చూస్తే రాజు. ఆయన మనసులో కలిగింది భయం కాదు, గర్వం. తమ ఇంట వెలసింది మామూలు లక్ష్మి కాదు, రెండు ముఖాల లక్ష్మి. శశాంక్ ఫోన్ తీసి వెతికి, టంకసాలలో పొరపాటున రెండు వైపులా ఒకే బొమ్మ పడ్డ నాణేలు లక్షలు పలుకుతాయని ఎవరో వీడియోలో చెప్తున్నారని ప్రకటించాడు. వెంటనే రెండు వైపులా ఫొటో తీసి, వివరాలతో సహా ఎరువుల డీలర్ల గ్రూపులో, బంధువుల గ్రూపులో, ఎందుకైనా మంచిదని ప్లాట్ల అమ్మకాల గ్రూపులో కూడా పెట్టాడు. రెండు రోజులు ఇల్లు జాతర. వచ్చినవాళ్ళకు ఆదిశేషయ్య స్వయంగా నాణెం అటూ ఇటూ తిప్పి చూపించాడు. నలభై ఏళ్ళు బోర్లించని లక్ష్మి ఆ రెండు రోజుల్లో రెండు వందల సార్లు బోర్లా పడింది. వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టారు, కాఫీ తాగారు, వెళ్ళారు. ఒక్కరికీ బుర్ర పనిచేయలేదు. ఆదిశేషయ్యకు సరేసరి.

మూడో రోజు పొద్దున మాణిక్యమ్మ వచ్చింది. బసవయ్య కోడలు. భర్త పోయి పన్నెండేళ్ళు. మెట్టలో రాళ్ళు ఏరి ఏరి, అవే రాళ్ళతో చుట్టూ గోడ కట్టి, మిగిలిన దాంట్లో పత్తి పండిస్తున్న మనిషి. ఆమె కాఫీ వద్దంది. నాణెం చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూసి, జాగ్రత్తగా తమలపాకు మీద పెట్టింది.

"బాగుంది బావగారూ," అంది. "మరి మా మావగారి బొరుసు ఏ వైపుందండీ?"

ఆదిశేషయ్య తమలపాకు మీది నాణేన్ని మళ్ళీ తిప్పి చూశాడు. లక్షా ముప్ఫై ఒక్క వేలు ఒక్కసారిగా కూలి ఒకటైపోయింది. లక్షల్లో ఒకటి కాదు, ఒకటికి ఒకటి. సాయంత్రానికి పదిహేడు మంది తమ్ముళ్ళలో పదకొండు మంది ఫోన్ చేశారు. మిగతా ఆరుగురిలో నలుగురు పోయారు కనుక వాళ్ళ కొడుకులు చేశారు. ఆదిశేషయ్య ఫోన్ కట్టేసి మంచం ఎక్కాడు.

మంచం మీద ఆయనకు ఒక దారి దొరికింది. రెండు బొమ్మలు ఉండటం కాదనలేం. కానీ అది టంకసాల వాళ్ళ తప్పైతే? అప్పుడు నాన్నకు తెలియదు, తనకు తెలియదు, ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. పైనున్నవాడు తెల్లవాడి చేత తప్పు చేయించి న్యాయం జరిపించాడు. లక్షలకు లక్షలు, పరువుకు పరువు. అలా కాక, ఎవడో మనిషి తర్వాత కూర్చుని చేసిన పనైతే మాత్రం చలమయ్య దొంగ, తోట దొంగసొత్తు, దాని నీడన పదిహేడు ఇళ్ళలో తీర్పు చెప్పిన ఆదిశేషయ్య అంతకన్నా హీనం. ఇదంతా గురువారం లోపు తేలాలి. ఎందుకంటే గురువారం ఎ.కొండూరులో నాగభూషణం, కోటిలింగం అనే అన్నదమ్ములకు పద్దెనిమిదో పంపకం, బోరున్న చెక్క ఎవరికన్నదే తగువు. షామియానాకు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.

తేల్చగలిగేది ఒక్కడే. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే అబ్దుల్ హమీద్. చేతి గడియారాలు కట్టుకునేవాళ్ళు తగ్గాక అతనికి పని ఏర్పాటు చేసింది ఫోన్లో వీడియోలే. మీ డబ్బాలో ఉన్న చిల్లర మిమ్మల్ని కోటీశ్వరుల్ని చేస్తుందని ఎవడో చెప్పడం, జనం డబ్బాలు పట్టుకుని హమీద్ దగ్గరికి పరుగెత్తడం. ఒకడు పది రూపాయల బిళ్ళ మధ్య ముక్కను సుత్తితో ఊడగొట్టి, తిరగేసి బిగించి తెస్తాడు. ఇంకొకడు అయిదు రూపాయల బిళ్ళ అంచును గ్రైండరు మీద పెట్టి లేపేసి, టంకసాల వాళ్ళు అంచు వేయడం మర్చిపోయారంటాడు. ఒకాయన రెండు రూపాయల బిళ్ళను గ్యాసు పొయ్యి మీద కాల్చి, ఇది భూమ్మీద లేని లోహం అన్నాడు. హమీద్ కంటికి భూతద్దం బిగించి చూసి, అందరికీ ఒకే మాట చెప్తాడు: పుట్టుమచ్చ వేరు, వాత వేరు. టంకసాలలో రేకు పక్కకు జరిగితే ముద్ర పడని చోటు పుట్టుకతోనే నున్నగా ఉంటుంది. తర్వాత కొట్టిన దెబ్బ కింద అంతకుముందున్న అక్షరం నలిగి చచ్చి కనబడుతుంది. ఈ మాట విన్నవాళ్ళలో ఒక్కడూ అతనికి థాంక్స్ చెప్పలేదు. నిజం చెప్పినందుకు తిరువూరులో ఫీజు ఇచ్చే అలవాటు లేదు.

హమీద్ పదకొండు గంటలకు రమ్మన్నాడు. మనిషితో ముందుగా విడిగా ఒక మాట మాట్లాడుకుందామని ఆదిశేషయ్య పది గంటలకే వెళ్ళాడు. మాణిక్యమ్మ అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉంది. తొమ్మిదిన్నర బస్సుకు వచ్చిందట.

"హమీదూ, ముందే చెప్తున్నా," అన్నాడు ఆదిశేషయ్య నాణెం చుట్టిన పట్టుబట్ట విప్పుతూ. "దీన్ని చిమటాతో పట్టుకోవడం అవీ కుదరదు. మడి."

"పోనీ మీరే పట్టుకోండి శేషయ్యగారూ, నేను చూస్తాను. మీ చెయ్యి వణక్కపోతే చాలు."

చెయ్యి వణికింది. రెండు నిమిషాల తర్వాత మహాలక్ష్మి చిమటాలోకి వెళ్ళింది.

హమీద్ మొదట సొరుగులోంచి అదే రాజుగారి మామూలు వెండి రూపాయి ఒకటి తీసి అద్దం బల్ల మీద వదిలాడు. అది గణగణమని చాలాసేపు మోగింది. తర్వాత వీళ్ళది వదిలాడు. చింతగింజ పడ్డట్టు టక్కుమంది.

డెబ్బై ఏళ్ళు పాలూ పసుపూ తాగింది, గొంతు పోదా అన్నాడు ఆదిశేషయ్య. హమీద్ దాన్ని పక్క కంసాలి దగ్గర తెచ్చుకున్న చిన్న తక్కెడలో పెట్టి తూచాడు. పదకొండున్నర గ్రాముల పైన ఉండాల్సింది గ్రామున్నర తక్కువొచ్చింది. ఇన్నేళ్ళుగా కడగడంలో అరిగి ఉంటుందన్నాడు ఆదిశేషయ్య. ఈ మాట తనకే నచ్చి, ఇంకోసారి అన్నాడు.

"అరిగితే ముందు రాజుగారి ముక్కు అరగాలండి," అన్నాడు హమీద్. "పైకి ఉబ్బెత్తుగా ఉండేది అదే. ఇక్కడ ముక్కు సూదిలా ఉంది, కిరీటంలో రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మొహం చెక్కుచెదరకుండా బరువు తగ్గిందంటే, పోయింది పైనుంచి కాదు. లోపల్నుంచి."

ఆదిశేషయ్య మాణిక్యమ్మ వైపు చూశాడు. ఆమె రోడ్డు మీద విజయవాడ బస్సు వెనక్కి తీస్తుంటే చూస్తోంది.

హమీద్ దీపం దగ్గరికి జరుపుకుని నాణేన్ని చాలాసేపు నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట ఆగాడు. భూతద్దం తీసి ఆదిశేషయ్య చేతికిచ్చి, ఆపరేషన్ అయిన కంటికి కాకుండా రెండో కంటికి పెట్టుకోమన్నాడు. అంచుకు కాస్త లోపలగా చూడమన్నాడు. ఆదిశేషయ్య చూశాడు. మొదట రాజుగారి చెవి కనబడింది. తర్వాత కిరీటం కొస. ఆ తర్వాత, అంచును ఆనుకుని చుట్టూ తిరిగి వచ్చిన సన్నటి నల్లగీత. వెంట్రుక కన్నా సన్నం. చింతపండు దాకా డెబ్బై ఏళ్ళ పసుపు దాన్ని కప్పి ఉంచింది.

"ఇది అతుకేనండి," అన్నాడు హమీద్. "ఒక రూపాయిని బొరుసు వైపు నుంచి గిన్నెలా తొలిచారు. ఇంకో రూపాయి బొరుసు అరగదీసి, అంచు కోసి, పల్చటి బిళ్ళ చేసి ఆ గిన్నెలో కూర్చోబెట్టారు. పనివాడు గట్టివాడే."

"టంకసాలలోనే అలా అతికి ఉండొచ్చుగా," అన్నాడు ఆదిశేషయ్య. అది ప్రశ్న కాదు, వేడుకోలు.

"టంకసాల అతకదండి. పై అచ్చు, కింది అచ్చు, మధ్యలో రేకు, ఒక్క దెబ్బ. తప్పు జరిగితే ఆ దెబ్బలోనే జరిగిపోతుంది, ఎవరూ అనుకోకుండా. ఇది తప్పు కాదు. లేత్ మిషను మీద రెండు రోజులు కూర్చుని చేసిన పని. తిరునాళ్ళలో జూదగాళ్ళ దగ్గర ఇలాంటివి ఉండేవని మా తాత చెప్పేవాడు. కావాలంటే వేడి చేసి ఊడదీసి చూపిస్తాను."

వద్దన్నాడు ఆదిశేషయ్య. మా నాన్న చేతికి చిల్లరలో ఎక్కడో వచ్చి ఉంటుంది, పాపం ఆయనకేం తెలుసు అన్నాడు. ఆ సంగతి నాణెం మీద రాసి ఉండదని, తను చూడగలిగింది లోహం వరకేనని హమీద్ చెప్పి, కంటి అద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

అది రాసి ఉన్న చోటు ఆదిశేషయ్యకు తెలుసు. చలమయ్య ఆ రూపాయిని యాభై అయిదు తర్వాత మళ్ళీ ఎగరేయలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు. బంధువులు అడిగితే వేరే నాణెంతో వేసుకోమనేవాడు. చివరి రోజుల్లో కొడుకును దగ్గరికి పిలిచి, దాన్ని పీట మీంచి దించొద్దురా, ఎవరికీ వేయొద్దురా అన్నాడు. అది భక్తి అనుకుని ఆదిశేషయ్య అప్పట్లో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తండ్రి ఒకే ఒక్కసారి చేసిన పనిని కొడుకు పదిహేడుసార్లు చేశాడు, అదీ తడిబట్టతో.

బయట స్కూటరు మీద కూర్చుని గ్రూపులో ఫొటో చూసిన బెంగుళూరు కొనుగోలుదారుతో ఫోన్లో బేరం సాగిస్తున్న శశాంక్ లోపలికి తొంగిచూసి, ఎంత చెప్పమంటారు అన్నాడు. గారడీ చేసేవాళ్ళు ఐదారు వందలకు కొనొచ్చన్నాడు హమీద్. శశాంక్ ఫోన్ చెవికి పెట్టుకునే మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

ఆదిశేషయ్య భూతద్దాన్ని మరదలి వైపు చాపాడు. ఎందుకు చాపాడో ఆయనకే తెలియదు. చూస్తే ఏమవుతుంది, చూడకపోతే ఏమవుతుంది.

"నాకెందుకు బావగారూ," అంది మాణిక్యమ్మ. "పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నా. పొద్దున లేస్తే కాళ్ళ కింద గుచ్చుకునేది అదేగా."

తోట సంగతి ఆమె ఎత్తలేదు. ఆదిశేషయ్యే ఎత్తాడు, రిజిస్ట్రేషన్లు అయిపోయాయి, డెబ్బై ఏళ్ళ నాటి మాట, కోర్టుకెళ్ళినా నిలవదు అంటూ. ఆమె లేచి చీర సర్దుకుంది. ఈ ఏడు మామిడికాయల రేటు చూశాక ఆ తోట ఎవరైనా ఉత్తపుణ్యానికి ఇచ్చినా తీసుకోనంది.

"గురువారం కొండూరులో మీరు కథ చెప్తారుగా. నేనూ వస్తా. మా మావగారు మీ నాన్నగారి కాళ్ళకు దణ్ణం పెట్టారని ఇన్నేళ్ళూ ఊరూరా చెప్పుకొచ్చారు. ఆయనెందుకు పెట్టారో కూడా ఈసారి చెప్పండి. అంతే."

గురువారం దాకా ఆదిశేషయ్య వంకలు వెతికాడు. జ్వరం అని కబురు పెడదామనుకున్నాడు. కన్ను వంక పెడదామనుకున్నాడు. హమీద్‌కు చూపు మందగించిందని నలుగురి చెవినా వేద్దామనుకున్నాడు. ఆఖరికి తప్పించుకునే దారి హమీదే స్వయంగా అందించాడు: ఊళ్ళో ఎవరడిగినా హమీద్ ఏమీ చెప్పలేదట. చెప్పాల్సింది వాళ్ళే చెప్తారు అన్నాడట. అంటే దాక్కోవడానికి చోటుంది. ఆ చోటు ఉందని తెలిసేసరికి ఆదిశేషయ్యకు ఇంకా ఊపిరాడలేదు.

కొండూరులో షామియానా కింద అరవై కుర్చీలు వేశారు. ముందు వరసలో పదిహేడు మందిలో బతికి ఉన్న అన్నలు వచ్చి కూర్చున్నారు, తమ పొలాలకు కాపలా కాస్తున్నట్టు. వెనక తమ్ముళ్ళు నిలబడ్డారు. మాణిక్యమ్మ స్త్రీల వైపు మొదటి కుర్చీలో కూర్చుంది. నాగభూషణం తెచ్చిన జరీ శాలువా బల్ల మీద మెరుస్తోంది.

ఆదిశేషయ్య కథ మొదలుపెట్టాడు. పదహారెకరాలు వచ్చాయి, తోట వచ్చింది, బావి వచ్చింది, రాళ్ళమెట్ట వచ్చింది. చలమయ్య జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడ ఆదిశేషయ్య ఆగాడు. గొంతు వణకాల్సిన చోటు అది కాదు, కానీ అక్కడే వణికింది.

"మా నాన్న బొమ్మ అన్నాడు. ఆ నాణేనికి రెండు వైపులా బొమ్మే. టంకసాల వాళ్ళ తప్పు కాదు, అతికించింది. ఆయనకు తెలుసు. తెలిసే వేశాడు. మా బాబాయి నమ్మాడు, అందుకే దణ్ణం పెట్టాడు."

ఇంతకు మించి దాచుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఏ చెప్పు వచ్చి పడుతుందోనని తల దించుకున్నాడు. పడలేదు. ముందు వరసలో పెనుగొలను పెద్దమనిషి ఒకాయన మెల్లగా తలాడించాడు.

"ఎంత ముందుచూపయ్యా చలమయ్యగారిది," అన్నాడు. "అలాంటి మనిషి కనకే ఆ ఇల్లు నిలబడింది."

నిజమేనన్నారు పక్కవాళ్ళు. ఈ రోజుల్లో అంత తెలివి ఎవరికుందన్నారు ఇంకొకరు. వెనకెవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆదిశేషయ్య తల ఎత్తి చూశాడు. తండ్రిని దొంగ అని అరవై కుర్చీల ముందు ఒప్పుకుంటే, తండ్రికి సన్మానం జరుగుతోంది. జీవితంలో మొదటిసారి నిజం చెప్పి, దానికి కూడా మర్యాదే మూటగట్టుకున్నాడు.

ఆ సందడిలో తమ్ముడు కోటిలింగం లేచి "బొమ్మ" అన్నాడు. అందరికీ వినబడేలా, ఇంకా ఎవరూ అడక్కముందే. నాగభూషణం ఎర్రబడిపోయి, పెద్దవాణ్ణి నేనుండగా నువ్వెలా అడుగుతావన్నాడు. ముందు నోరు తెరిచిందెవరో అరవై మంది విన్నారన్నాడు కోటిలింగం. లక్ష్మి ముందు ఇలాంటి పేచీ నలభై ఏళ్ళలో ఎప్పుడూ రాలేదు. నాణెం దొంగదని తెలిశాక దాని మీద భక్తి తగ్గలేదు సరికదా, ఎగబడటం మొదలైంది. ఎవరు అడగాలో మీరే చెప్పండని ఇద్దరూ ఆదిశేషయ్య మీద పడ్డారు. ఆయనకు తోచలేదు. ఇన్నేళ్ళ న్యాయంలో ఆయన ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

మాణిక్యమ్మ లేచి వచ్చింది. బొడ్లోంచి సంచి తీసి, పది రూపాయల బిళ్ళ బయటికి తీసింది. ఇటువైపు నాగభూషణానికి చూపించింది, అటువైపు కోటిలింగానికి చూపించింది. ఇద్దరి చేతా వేలితో తడిమించింది. "ఇది వేస్తా. గెలిచినవాడు ఆ పెద్ద బిళ్ళకి బొమ్మ అడగాలి. సరేనా?" అంది. సరేనన్నారు. నాగభూషణం సింహాలు అన్నాడు. బిళ్ళ ఎగిరింది, నేల మీద పడి కాసేపు దొర్లింది. సింహాలు కింద పడ్డాయి.

కోటిలింగం గెలిచాడు. ఇక లక్ష్మిని ఎగరేయడమే తరువాయి, ఆమె ఏమంటుందో అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడు ముందు వరసలో జ్ఞానోదయమైంది. రెండు బొమ్మలున్న నాణెంతో పంపకమేంటన్నాడు నాగభూషణం. అది జూదగాళ్ళ సరుకు, చెల్లదన్నాడు పెనుగొలను పెద్దమనిషి. అప్పటిదాకా భక్తులుగా ఉన్న అన్నలందరూ ఒక్క నిమిషంలో హేతువాదులైపోయారు. వెనకనుంచి తమ్ముళ్ళు లక్ష్మినే వేయాలి, ఆచారం తప్పడానికి వీల్లేదని పట్టుబట్టారు.

ఆదిశేషయ్య పాల గిన్నె పక్కకు జరిపాడు. నాణేన్ని తుడిచి, పట్టుబట్టలో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. పంపకం ఇప్పుడే అయిపోయిందన్నాడు. పడింది మంచి బిళ్ళ, చూశారు, తడిమారు, సరేనన్నారు. బోరున్న చెక్క తమ్ముడిదని చెప్పాడు. నాగభూషణం అరిచాడు గానీ, తన నోటితో చెప్పిన "సరే"ను అరవై మంది విన్నారు కనుక ఆ అరుపు ఎక్కువసేపు నిలవలేదు.

దస్తావేజు లేఖరి అలవాటుగా "శ్రీ మహాలక్ష్మి నాణెము వారి నిర్ణయానుసారం" అని రాసేసి ఉన్నాడు. అది కొట్టేయించాడు ఆదిశేషయ్య. పది రూపాయల బిళ్ళ అని రాయి, వేసింది మాణిక్యమ్మ అని రాయి అన్నాడు. ఈ పక్క కొట్లలో ఆ బిళ్ళ ఎవరూ తీసుకోరండీ, కాగితంలో రాస్తే చెల్లుతుందా అని లేఖరికి సందేహం వచ్చింది. రాయమన్నాడు. దాని కింద సాక్షిగా సంతకం పెట్టాడు. పక్కన మాణిక్యమ్మ నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు పెట్టింది. తర్వాత నేల మీంచి తన బిళ్ళ ఏరుకుని, మట్టి దులిపి, సంచిలో వేసుకుంది.

"వెళ్ళొస్తా బావగారూ," అంది. ఇన్నేళ్ళలో ఆమె ఆయనకు చెప్పి వెళ్ళడం అదే మొదలు.

నాగభూషణం శాలువాను మడిచి తిరిగి కవర్లో పెట్టుకున్నాడు. తీసుకొచ్చిన కారు ఎటుపోయిందో ఎవరికీ తెలియలేదు. ఆదిశేషయ్య ఆటో ఎక్కి ఇంటికొచ్చేసరికి సుబ్బాయమ్మ గుమ్మంలోనే నిలబడి, భుజాల వంక చూసి, ఈసారి శాలువా కప్పలేదా అంది.

ఎండగా ఉందని తనే వద్దన్నానన్నాడు.